నా బొట్టు మీద కవిత పేరు: ఆబిడ్స్ నుంచి నాంపల్లి దాకా పాత కార్డులతో ఒక రోజు

పర్యావరణం మీద ప్రేమతో బయల్దేరానని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది కానీ, అది అబద్ధం. ఈ ప్రయాణానికి కారణం మా తోటికోడలు కవిత. ఇంకా సూటిగా చెప్పాలంటే, కవిత మీద నాకున్న కుళ్ళు. ఊరు దాటకుండా ఒక్క రోజులో వెళ్లొచ్చే ప్రయాణాల గురించి ఇక్కడ రాస్తుంటానని పాత పాఠకులకు తెలుసు. కొత్తవాళ్ల కోసం: మాది హిమాయత్‌నగర్, ఉమ్మడి కుటుంబం, బేగం బజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం. అత్తమ్మ, మేమిద్దరం కోడళ్లం, మా ఇద్దరి సంసారాలు ఒకే ఇంట్లో. దసరాకు ఆయుధపూజ, దీపావళికి లక్ష్మీపూజ మా ఇంట్లో ఘనంగా జరుగుతాయి. తాళంచెవులు, తరాజు, బండ్లు, ఏటీఎం కార్డులు, అన్నిటికీ పసుపు కుంకుమలు పెట్టే చెయ్యి పెద్దకోడలిది. అంటే నాది. ఇరవై ఆరేళ్లుగా నాదే.

కార్డులకైతే నేనొక పద్ధతి పెట్టుకున్నాను. కార్డు మీద బంగారు రంగులో చిన్న గడి ఉంటుంది కదా, లక్ష్మి కూర్చునే చోటు అదే అని నా లెక్క. బొట్టు సరిగ్గా దాని మీదే పెడతాను. బొట్టు పడిన వస్తువును చెత్తలో వేయం. అందుకే పనికిరాకుండా పోయిన కార్డులన్నీ దేవుడి గదిలో ఒక బిస్కెట్ల డబ్బాలో పోగుపడ్డాయి. పోయిన నెలలో కవిత ఆ డబ్బా పట్టుకుని నాంపల్లి వెళ్లింది. పాత కార్డుల్లో చిప్పు వేరుగా, ప్లాస్టిక్ వేరుగా తీసి మళ్లీ పనికొచ్చేలా చేసే మనిషి అక్కడ ఒకాయన ఉన్నాడట. తర్వాత కాలనీ ఆడవాళ్ల దగ్గర కూడా పోగుచేసి ఇంకోసారి వెళ్లింది. ఫోటో దిగి కాలనీ గ్రూపులో పెట్టింది. చప్పట్లు, పూల బొమ్మలు, దండాలు! నేను హరిద్వార్ వెళ్లొచ్చి ఫోటోలు పెట్టిన రోజు మూడే మూడు దండాలు వచ్చాయి.

అంతవరకూ పళ్లు బిగబట్టుకున్నాను. దసరా పూజలో నేను కార్డుకు బొట్టు పెడుతుంటే కవిత దగ్గరికొచ్చి మెల్లగా, "అక్కా, గా గడి మీద వద్దులే, జర పక్కకు పెట్టు" అంది. నాకు చెప్పేంతదైపోయిందా అని ఒళ్లు మండి, ఇంకాస్త గట్టిగానే అద్దాను. మర్నాడు పొద్దున చాయ్ తాగుతూ అత్తమ్మ అన్నది: "చిన్నదాని పుణ్యమాని ఇన్నేండ్లకు దేవుని అర్ర సాఫయింది. ఈ దీపావళి పూజ అదే చేస్తది." నా చేతిలో చాయ్ చల్లారిపోయింది. పూజ పళ్లెం చేతులు మారితే మళ్లీ రావడం ఉండదని ఉమ్మడి ఇళ్లలో బతికినవాళ్లకు వేరే చెప్పాలా? దీపావళికి పద్దెనిమిది రోజులుంది. ఆలోగా కవిత చేసినదానికంటే పెద్దది చేసి చూపించాలి, అంతే.

రెండు రోజుల్లో అరవై ఒక్క కార్డులు పోగుచేశాను. కవిత కాలనీ నుంచి తీసుకెళ్లినవి నలభై మూడు, గ్రూపులో రాసుకుంది. అడిగితే ఇవ్వని వాళ్ల దగ్గర కూర్చుని, చాయ్ తాగి, తీసుకునే లేచాను. పక్కింటి శారదగారు "ఇది ఇంకా నడుస్తున్నది గదా" అంటే, "కొత్తది ఊరికేనే ఇస్తారు, ఇటివ్వండి" అన్నాను. అలాంటివి ఇంకొన్ని ఉన్నాయి. ఆ సంగతి తర్వాత వస్తుంది.

మంగళవారం పొద్దున పదీ ఇరవైకి హిమాయత్‌నగర్‌లో ఆటో ఎక్కాను. ఆబిడ్స్‌కు నూట పది రూపాయలు మాట్లాడుకున్నాను. బస్సులో వెళ్తే చాలా తక్కువలో అయిపోతుంది, కానీ సంచి తేలికే అయినా మనసు బరువుగా ఉంది. నారాయణగూడ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు డ్రైవర్ అద్దంలోంచి చూసి సంచిలో ఏముందని అడిగాడు. చెప్పాను.

"ఏంది మేడం, పాత కార్డులు ఇచ్చొచ్చేతందుకు కిరాయి కట్టి పోతున్నరా?" అని నవ్వాడు. "గీడ చూడుండ్రి." మీటరు పక్కన ఒక పాత కార్డు దూర్చి ఉంది. "మీటరు గడగడ కొట్టుకుంటుండె. ఇది పెట్టిన, సప్పుడు బంద్. నాలుగేండ్లాయె."

"అయితే నాకివ్వరాదూ, అరవై రెండవుతాయి."

"మంచిగున్నరు మేడం! మళ్ల సప్పుడు మొదలైతే మీరొచ్చి పట్టుకుంటరా?"

ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దగ్గర దిగేసరికి పదీ నలభై ఐదు. ఆదివారమైతే ఇక్కడ కాలిబాటల నిండా పాత పుస్తకాలు ఉంటాయి. పుస్తకాల కోసం వచ్చేవాళ్లు ఆదివారమే రండి. నా పని వేరు. కవిత గుడ్డసంచితో పోగుచేసింది కదా, నేను కాలనీ గేటు దగ్గర తాళం వేసిన స్టీలు హుండీ పెట్టిద్దామనుకున్నాను. దాని మీద, అడుగున, నా పేరు. మా దుకాణంలోనే అలాంటివి వరసగా ఉంటాయి. కానీ అక్కడ తీసుకుంటే మరిదికి తెలుస్తుంది, మరిదికి తెలిస్తే కవితకు తెలుస్తుంది. అందుకని స్టీలు వ్యాపారం చేసే ఇంటి కోడలిని ఆబిడ్స్‌లో బయటి ధరకు స్టీలు డబ్బా కొనడానికి నిలబడ్డాను. ఎనిమిది వందల యాభై చెప్పాడు. నా మొహంలో ఏం కనిపించిందో, షాపాయనే, "బేగం బజార్ల అయితే ఇంకా సస్తా దొరుకుతది మేడం" అన్నాడు. నాకు తెలియనట్టు తలూపి కార్డు ఇచ్చాను.

మిషన్ తీసుకోలేదు. తీసి మళ్లీ పెట్టాడు. నోటితో ఊది పెట్టాడు. "చిప్పు పట్టుకుంటలేదు మేడం. ఫోన్ల కొట్టుండ్రి." నేను ఫోన్లో డబ్బులు పెట్టుకోను. అదొక భయం. కవిత కూరగాయలకు కూడా ఫోనే చూపిస్తుంది, అందుకు కూడా నేను పెట్టుకోను. పర్సులో నాలుగు వందలకు మించి లేవు. గంటలో వస్తానని, డబ్బా తీసి పక్కన పెట్టమని చెప్పి బయటపడ్డాను. వెనక నిలబడిన ఇద్దరి ముందు తల కొట్టేసినట్టయింది.

బ్యాంకు ఐదు నిమిషాల దూరమే. కౌంటర్‌లో అమ్మాయి నా ఖాతా తెరిచి చూసి కనుబొమలు ఎత్తింది. "నాలుగేండ్లల్ల నాలుగో కార్డు మేడం మీది. మీ ఇంట్లో వాళ్లవి గూడ గిట్లనే మారుతున్నయ్. అన్నీ దసరా, దీపావళి అయినంకనే."

"పండగలకు కొనుగోళ్లు ఎక్కువ కదమ్మా, అరిగిపోతాయేమో" అన్నాను, కాస్త గొప్పగానే.

ఆ అమ్మాయి ఫారం ఇచ్చింది. నింపేసరికి కంప్యూటర్ ఆగిపోయింది, రెండింటికి రమ్మంది. పాత కార్డు ఏం చేయాలని అడిగితే, "నడుమల కట్ చేసి పారేయండి మేడం" అంది. నా చేతిలో అరవై ఒక్క పాత కార్డుల సంచి ఉంది, హ్యాండ్‌బ్యాగులో కొత్త కార్డు కోసం నింపిన ఫారం ఉంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకునే బుద్ధి ఆ క్షణంలో నాకు పుట్టలేదు.

ఆబిడ్స్ నుంచి నాంపల్లికి స్టేషన్ రోడ్డు మీదుగా నడిస్తే పదిహేను, ఇరవై నిమిషాలు. నడవమనే చెబుతాను, ఆటో ఎక్కితే సిగ్నళ్ల దగ్గర అంతకంటే ఎక్కువ పడుతుంది. కాలిబాట ఉన్నచోట ఉంటుంది, లేనిచోట సూట్‌కేసుల వాళ్లుంటారు. పన్నెండున్నరకు ఆకలేసి ఒక చిన్న మెస్‌లో కూర్చున్నాను. డెబ్బై రూపాయలకు అన్నం, పప్పుచారు, దొండకాయ వేపుడు, పెరుగు. వంటామె స్వయంగా వడ్డిస్తూ, "ఒక్కదానివే వచ్చినవా అమ్మా?" అని అడిగింది. మామూలుగా అయితే ఆ మాట పట్టించుకోను. కానీ కవిత ఫోటోలో ఐదుగురు ఆడవాళ్లున్నారు. దొండకాయ వేపుడు చాలా బాగుంది. అయినా సగం వదిలేశాను.

ఆ కార్డుల మనిషి ఎక్కడుంటాడో కవితను అడిగితే నిమిషంలో తేలిపోయేది. అడుగుతానా? ఆమె పెట్టిన ఫోటోను పెద్దది చేసి చూస్తే వెనక గోడ మీద 'ఐడీ కార్డులు, లామినేషన్' అన్న బోర్డూ, ఆకుపచ్చ రేకు మెట్లూ కనిపించాయి. ఆ రెండు గుర్తులతో నాంపల్లి స్టేషన్ ఎదుటి సందుల్లో ముప్పావు గంట తిరిగాను. లామినేషన్ షాపులు ఏడు తగిలాయి. చివరికి తాళంచెవులు చేసే ఒక పెద్దాయన, "రత్నమన్న దగ్గరికా? పాత కార్డులు కోస్తడు, ఆయనే గదా? గా మెట్లెక్కుండ్రి" అని చూపించాడు. మీరు వెళ్తే ఆ మాటే అడగండి, అందరికీ తెలుసు.

రత్నంగారికి అరవై దాటి ఉంటాయి. ఊరు మెదక్ దగ్గర. ముప్పై ఏళ్లుగా స్కూళ్లకు, ఆఫీసులకు ఐడీ కార్డులు చేస్తున్నారట. మెట్ల పైన ఇరుకు గది, ఒక మిషన్, రెండు స్టూళ్లు, గోడకు ఒక గిటారు. చర్చిలో వాయిస్తారు. నేను ఎవరినో చెప్పలేదు. సంచి బల్ల మీద పెట్టి, "అరవై ఒకటి. ఇంతకుముందు ఎవరైనా ఇన్ని తెచ్చారా?" అని అడిగాను.

"ఒకమ్మ నలభై మూడు తెచ్చింది."

కడుపు చల్లబడింది. ఎంతో కాలానికి దొరికిన సుఖం అది. నేను ఆ సుఖంలో ఉండగానే ఆయన పని మొదలుపెట్టారు. ముందు పేరూ నంబరూ ఉన్న భాగాన్ని సన్నటి ముక్కలుగా కోశారు, ఎవరి చేతిలోనూ పడకుండా. చిప్పును గుండ్రంగా పొడిచి తీశారు. అవి పాత కంప్యూటర్ల సామాను కొనేవాళ్లకు వెళ్తాయి. ఒక కార్డును వెలుతురుకు ఎత్తి పట్టి చూపించారు. అంచు చుట్టూ వెంట్రుకంత తీగ. మిషన్‌కు తాకిస్తే పనిచేసేది దానివల్లనేనట. తీగ, చిప్పు, నల్లపట్టీ, రెండు మూడు పొరల ప్లాస్టిక్, అన్నీ కలిపి వేడిమీద అతికిస్తారు కాబట్టి మామూలు చెత్త కొనేవాళ్లు వీటిని ముట్టుకోరు. కాలిస్తే వచ్చే పొగ మంచిది కాదు, పూడ్చితే అలాగే పడి ఉంటుంది. ఆయన మాత్రం ఓపిగ్గా విడదీసి, మిగిలిన ప్లాస్టిక్‌ను పైపులు చేసేవాళ్లకు పంపుతారు. కొన్ని ముక్కల్ని గిటారు మీటే బిళ్లలుగా కోసి చర్చి పిల్లలకు పంచుతారు. "నా చేతులతోని ఎన్ని వేల కార్డులు చేసిన్నో లెక్క లేదమ్మా. ఇప్పుడు కోసుడు గూడ నేనే నేర్చుకున్న" అన్నారు.

అలా కోస్తూ కోస్తూ కొన్నిటిని పక్కన పెట్టారు. ఎనిమిది. "ఇవేందమ్మా? ఇవి బతికే ఉన్నయ్ గదా. దీనికి ఇంకా రెండేండ్లుంది. దీనికి మూడేండ్లు."

"కొత్తవి ఊరికే ఇస్తారని…" అన్నాను.

"ఎవరికి ఊరికే?" కత్తెర కింద పెట్టారు. "నేనెంత కోసినా అది అయిపోయిన పని దిద్దుడే. కొత్త కార్డు చేయకుంట ఆపుడే అన్నిటికంటె పెద్ద పని. నడిచేదాన్ని నడవనియ్యాలె. రెండు ఖాతాలకు ఒక్కటే సరిపోతే ఒక్కటే ఉంచుకోవాలె. ఇవి వాపస్ పట్టుకపోండ్రి."

ఎనిమిదీ సంచిలో వేసుకున్నాను. సిగ్గేసింది, నిజమే. కానీ మనసు ఒక పక్కన యాభై మూడు, ఇంకా పది ఎక్కువే అని లెక్క వేసుకుంటూనే ఉంది. అప్పుడు గోడ మీద బోర్డు చూశాను.

చెక్క మీద మార్కర్‌తో రాసి ఉంది: 'కార్డులు ఎట్ల సచ్చినయ్'. కింద వరసగా కార్డుల మూలముక్కలు అతికించి, ఒక్కోదాని పక్కన కారణం రాశారు. 'ప్యాంటుతో ఉతికిన్రు.' 'వెనక జేబుల పెట్టి కూసున్నరు.' 'దానితోని గొళ్లెం తీసిన్రు.' అన్నిటికంటే చివర ఎర్రగా, పసుపుగా గడ్డకట్టిన ఒక చిప్పు. దాని పక్కన: 'బొట్టు పెట్టిన్రు. కవితమ్మ.'

ఆ చిప్పు పక్కనే ఒక ఆకుపచ్చ బొట్టుబిళ్ల అంటించి ఉంది. మా ఆయన కార్డూ నా కార్డూ కలిసిపోకుండా గుర్తు కోసం నేనే నా కార్డుకు అంటించుకున్న బిళ్ల అది. దగ్గరికి వెళ్లి వేలితో తాకి చూశాను.

"గా చిప్పా? అదే పెద్ద తమాష" రత్నంగారు నవ్వారు. "పదకొండు కార్డులు డబ్బాల పట్టుకొచ్చింది ఆ అమ్మ. అన్నిటి చిప్పుల మీద పసుపు, కుంకుమ, చందనం గట్టిగ రాయిలెక్క అయినయ్. మిషన్‌కు ఇంక చిప్పు యాడ కనబడతది? ఒక్కటన్న నిజంగ సచ్చింది కాదమ్మా. పొడి రబ్బరుతోని తుడిస్తే అయిపోతుండె. పదకొండు కార్డులు ఉత్తగనే పాయె. ఎవరు పెట్టిన్రమ్మా గీ బొట్లు అని అడిగిన. 'నేనే అన్నా, నా చేతి పనే' అన్నది."

హ్యాండ్‌బ్యాగులోంచి నా కార్డు తీసి ఇచ్చాను. దసరా నాడు నేను గట్టిగా అద్దిన బొట్టు అలాగే ఉంది. ఆయన పెన్సిల్ రబ్బరు తీసి మెల్లగా నాలుగుసార్లు రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, డబ్బులు కొట్టే తన చిన్న మిషన్‌లో పెట్టారు. "ఒక్క రూపాయి కొడతా." మిషన్ కుయ్ మంది, చీటీ బయటికొచ్చింది. పొద్దున షాపులో నన్ను నలుగురిలో నిలబెట్టిన కార్డు ఒక్క రూపాయికి బతికింది. బ్యాంకు ఫారం తీసి నాలుగు ముక్కలు చేశాను.

"శనివారం వస్తరా అమ్మా మీరు గూడ?" ఆయన మిగిలిన కార్డులు కోస్తూ అన్నారు. "ఆ కవితమ్మ కాలనీ అమ్మలందరిని తీస్కొస్తనన్నది. వాళ్లత్తమ్మను గూడ. బోర్డు మీద నా పేరే రాయి అన్నా, ఇంకెవ్వరు గిట్ల చేయొద్దని నేనే నిలబడి చెప్తనన్నది."

ఇక్కడ నేను నిజం రాయకపోతే ఈ పోస్టు రాయడమే దండగ. ఆ మాట వినగానే నాకు కళ్ల ముందు శనివారం కనిపించింది. అత్తమ్మ కళ్లద్దాలు పెట్టుకుని బోర్డు చదువుతుంది. ఇంటి కార్డులన్నీ పాడుచేసింది కవితే అని ఉంటుంది, కవితే ఒప్పుకుంటుంది. పూజయ్యాక కార్డులు తీసి సర్దేది అదే కాబట్టి అత్తమ్మ నమ్ముతుంది కూడా. నలుగురిలో పెద్దావిడకు కోపం వస్తుంది. దీపావళి పళ్లెం తిరిగి నా చేతికొస్తుంది. దీనికి నేను ఒక్క అబద్ధం కూడా ఆడక్కర్లేదు. నోరు మూసుకుని ఇంటికి పోతే చాలు.

రత్నంగారికి దండం పెట్టి బయటికొచ్చాను. ఆకుపచ్చ రేకు మెట్లు ఆరు దిగాను.

ఆరో మెట్టు మీద కడుపు మండింది. మంచితనం అనుకునేరు, కాదు. ఫోటో దానిది. చప్పట్లు దానివి. డబ్బా దానిది, పూజ దానిది. చివరికి నా చేత్తో నేను పెట్టిన బొట్టు కూడా దానిదేనా? ఈ నిజం ఏదో ఒక రోజు బయటపడకపోదు, ఆ రోజు ఇంకెంత పెద్దదైపోతుంది! తోటికోడలి తప్పు తన నెత్తిన వేసుకున్న మహాతల్లి అని అత్తమ్మ దానికే హారతి ఇచ్చినా ఇస్తుంది. ఆ గొప్పదనం కూడా దానికే పోతుంటే నేను చూస్తూ ఊరుకోవాలా? ససేమిరా! గిరుక్కున తిరిగి మెట్లెక్కాను.

"రత్నంగారూ, ఆ పేరు కొట్టేయండి. ఆ బొట్టు నాది."

"మీరెవరమ్మా?"

"కవిత తోటికోడలిని. పెద్దకోడలిని. ఆ పచ్చబిళ్ల నాది, ఆ పదకొండు కార్డులకూ బొట్లు పెట్టింది నేను. విజయలక్ష్మి అని రాయండి."

ఆయన నన్నూ, బోర్డునూ, బల్ల మీది నా కార్డు చీటీనీ మార్చి మార్చి చూశారు. నవ్వలేదు, అందుకు ఆయనకు రుణపడి ఉంటాను. మార్కర్ మూత తీసి కవిత పేరు కొట్టేశారు. "గింత జాగల పూర్తి పేరు పట్టదమ్మా. విజయమ్మ అని రాయనా?"

"పట్టించండి" అన్నాను.

మూడున్నరకు నాంపల్లి మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో మారి, నారాయణగూడలో దిగాను. ముప్పై రూపాయల లోపే అయింది. హిమాయత్‌నగర్‌కు ఆటో ముప్పై. స్టీలు హుండీ కొనలేదు, నా కోసం డబ్బా పక్కన పెట్టిన షాపాయన మన్నించాలి. మా బిస్కెట్ల డబ్బా రత్నంగారి దగ్గరే ఉండిపోతే అది తెచ్చుకున్నాను. కాలనీకి అది చాలు. శారదగారి కార్డు శారదగారికి ఇచ్చేశాను, మిగతా ఏడూ కూడా. ఏడుగురికీ ఏడు అబద్ధాలు చెప్పాలనుకున్నాను కానీ నాలుగో ఇంటికి ఓపిక అయిపోయి నిజం చెప్పేశాను. ఇంట్లో మాత్రం శనివారం దాకా ఒక్క ముక్క మాట్లాడలేదు.

శనివారం పదకొండు మందిమి వెళ్లాం. అత్తమ్మను మెట్లెక్కించడానికే పది నిమిషాలు పట్టింది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు అది గుర్తుపెట్టుకోండి. కవిత ముందు నడిచింది, ఏదో మనసులో చెప్పుకుంటున్నట్టు పెదాలు కదులుతున్నాయి. అత్తమ్మ కళ్లద్దాలు సర్దుకుని బోర్డును పైనుంచి కిందిదాకా చదివి, చివరి వరస పైకే చదివింది. "బొట్టు పెట్టిన్రు. విజయలక్ష్మి." గదిలో అందరూ నావైపు తిరిగారు.

"పెద్దదీ, ఏందే ఇది?"

"నిజమే అత్తమ్మా. కార్డులు నేనే చంపిన. ఆ గడి మీద లక్ష్మి ఉంటదనుకున్న." కోపమొచ్చినా, భయమేసినా నాకూ మా ఇంటి భాషే వస్తుంది.

"మరి డబ్బా పట్టుకపోయి వచ్చినప్పుడు అడిగితే, నువ్వు పెట్టినంక మళ్ల గట్టిగ అద్దింది నా చెయ్యే అన్నదేంది చిన్నది?" అత్తమ్మ కవితను చూసింది. అంటే ఇంట్లో కూడా తన మీదే వేసుకుందన్నమాట! తప్పు తనదని చెప్పి కూడా పూజ సంపాదించింది. నాకు మళ్లీ భగ్గుమంది.

"అక్క పేరు చెప్తే నువ్వు నలుగుర్ల ఏమన్న అంటవని, అత్తమ్మా…" కవిత నేల చూస్తూ అంది.

అత్తమ్మ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. నవ్వు ఆగాక నాకు ఆశ పుట్టకపోలేదు. "పూజ మాత్రం చిన్నదే చేస్తది" అంది. "ఒకసారి చెప్పినంక చెప్పినట్టే. నువ్వు పళ్లెం పట్టుకో." అయిపోయింది. ఇరవై ఆరేళ్ల చెయ్యి ఈ ఏడు పళ్లెం కింద ఉంటుంది.

అందరూ కార్డులు కోయించుకోవడంలో పడ్డాక చూస్తే, కవిత బోర్డు ముందు ఒక్కతే నిలబడి ఉంది. కొట్టేసిన తన పేరు మీద వేలు పెట్టి తడుముతోంది. "నా పేరు తీసేయించినవా అక్కా?" అంది. "గందరి ముందర నేనే నిలబడి చెప్దామనుకున్న. నాలుగు రోజుల సంది అద్దం ముందర చెప్పి చూసుకున్న." తర్వాత నా పేరు వైపు చూసింది. ఆ చూపు, ఆ బిగించిన పెదవి, బాగానే ఉందిలే అన్నట్టు మొహాన పెట్టుకున్న ఆ నవ్వు! అది ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నెల రోజులుగా నా మొహం మీద మోసింది అదే. పెళ్లయి వచ్చాక ఇన్నేళ్లలో కవిత నాకు మొదటిసారి సొంతమనిషిలా కనిపించింది. తిరుగు ప్రయాణంలో మెట్రోలో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. నా సంచిలో బత్తాయి ఉంటే ఒలిచి సగం ఇచ్చాను. పెద్ద సగం నేనే ఉంచుకున్నాను.

దీపావళి ఇంకా ఐదు రోజులుంది. కుళ్ళు పోయిందా అని అడిగితే, పోలేదు. ఈ ఏడు బొట్టు కవిత పెడుతుంది, దాని చేతి బొట్టు నాదానికంటే గుండ్రంగా వస్తుందని ఇప్పటినుంచే భయంగా ఉంది. కానీ ఇరవై ఆరేళ్లు నేను భక్తి అనుకున్నదాంట్లో, నా చెయ్యే పైన ఉండాలన్న పట్టుదల ఎంత కలిసిపోయిందో ఆ ఆరో మెట్టు మీద తెలిసింది. పదకొండు కార్డులు నా మూలంగా అనవసరంగా పుట్టాయి, అనవసరంగా పోయాయి. అవి మళ్లీ రావు. పన్నెండోది మాత్రం నా పర్సులో ఉంది, దాని గడువు తీరేదాకా మార్చను. మీకు ఇచ్చే సలహా కూడా అదే: కార్డును మిషన్ తీసుకోకపోతే కొత్తదానికి పరిగెత్తకండి, ముందు పొడి రబ్బరుతో చిప్పును మెల్లగా తుడిచి చూడండి. పూజలో పెట్టేవాళ్లు కార్డుతో వచ్చిన కాగితపు కవరుకు బొట్టు పెట్టండి, లక్ష్మి ఏమీ అనుకోదు. నాంపల్లి వెళ్తే మధ్యాహ్నం రెండు తర్వాత వెళ్లండి, రత్నంగారు తీరిగ్గా ఉంటారు. ఆ బోర్డు కూడా చూసి రండి. చివరి వరసలో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఇరుక్కుని ఉంటాయి కానీ, పేరు పూర్తిగానే ఉంది.